బావ ఇచ్చిన వాటం

జూన్ 4, మంగళవారం

అక్కకు,

పళ్ళు కట్టే తమ్ముడు రెండు చేతులూ జోడించి రాసుకునే ఉత్తరం. ఇక్కడ నేనూ నీ మరదలూ క్షేమం. నీ క్షేమం గురించి జవాబు వస్తుందన్న నమ్మకం లేకపోయినా, అడగడం మర్యాద కాబట్టి అడుగుతున్నాను. బావ పోయిన కబురు ఫోనులో విన్న రోజు నుంచీ నువ్వు ఫోనెత్తడమే మానేశావు. ఎనిమిది నెలలుగా నొక్కి నొక్కి నా వేళ్ళు అరిగాయి. మొన్న నీ పార్సిల్ వచ్చి, అందులో నీ చేతిరాతతో చీటీ కనబడేసరికి నీ మరదలు ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి గానీ ఆవిడ ముందు బయటపడలేదు.

ఇక పని సంగతి. బావ జాయ్‌స్టిక్ బాగైంది, దీంతోపాటే పంపుతున్నాను. బావ దాన్ని కర్ర అనేవాడు కదా, నేనూ అదే అంటాను. జన్మలో విమానం ఎక్కని మనిషి, రోజంతా మోకాళ్ళ మీద పాకుతూ టైల్స్ పరిచే మేస్త్రి, మూడింటికల్లా ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కంప్యూటర్లో విమానం ఎగరేసేవాడంటే మా పళ్ళ డాక్టరు నమ్మలేదు. తోటి పనివాళ్ళు పైలట్ మేస్త్రి అని పిలిచేవాళ్ళని చెబితే పగలబడి నవ్వాడు. తర్వాత, పోయిన మనిషి కదా అని గుర్తొచ్చి సర్దుకున్నాడు.

కర్ర విప్పి చూస్తే స్ప్రింగు రెండు ముక్కలై ఉంది. దాని కింద, కర్ర మొదలు కూర్చునే కప్పు ఒకటి ఉంటుంది, కోటు బొత్తామంత. అది ఒక పక్కకే అరిగిపోయింది. ఒకవైపే నమిలే మనిషి దవడ పన్ను ఎలా అరుగుతుందో అచ్చం అలాగే. కప్పు కింద ఒక అంచున చిన్న టైలు పెంకు కూడా ఇరుక్కుని ఉంది. బావ బట్టల్లోంచి రాలిన చెత్త అనుకుని పారేశాను. మనిషంతా సిమెంటూ పెంకులే కదా.

ఆ కర్ర చేసిన కంపెనీ దాని విడిభాగాలు చేయడం ఎప్పుడో మానేసింది. మానేస్తే ఏం, మనకి చేతులు పడిపోయాయా? మైనంతో కప్పు రూపం చేసి, ప్లాస్టరులో అచ్చు తీసి, కట్టుడు పళ్ళ చిగుళ్ళకి వాడే పొడీ ద్రవమూ కలిపి అచ్చులో నొక్కి ఉడకబెట్టాను. కాబట్టి బావ విమానం ఇకమీదట గులాబీరంగు చిగురు మీద నడుస్తుంది. నవ్వొస్తే నవ్వు, ఎవరూ చూడరు. కప్పు ఎక్కడ ఒరుసుకుంటోందో తెలియడానికి, పళ్ళ సెట్టు సరిచూసేటప్పుడు కొరికించే నీలం కాగితమే మధ్యలో పెట్టి కర్ర తిప్పాను. నీలం మచ్చ పడ్డ చోటల్లా గీకాను. ఇప్పుడు అన్ని వైపులా ఒకటే కాటు.

నీ చీటీలో మాట కూడా మర్చిపోలేదు. స్ప్రింగు మార్చు, దాని వాటం కాస్త చూడు అన్నావు. చూశాను. ఇదివరకు కర్ర ఎడమకి ఓ పిసరు, వెనక్కి అర పిసరు ఒరిగి ఉండేది. ఆ ఒరుగు పూర్తిగా తీసేశాను. ఇప్పుడు చెయ్యి వదిలితే పీటల మీద పెళ్ళికొడుకులా నిటారుగా ఉంటుంది.

ఒక్క సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. పిడి మీది పగులు అతికించి బల్ల మీద పెట్టాక, నీ మరదలు దాన్ని పట్టుకుని చటుక్కున వదిలేసింది. వెచ్చగా ఉందంది. ఎవరో ఇప్పుడే పట్టుకుని వదిలినట్టుందంది. కిటికీలోంచి ఎండ పడి ఉంటుందన్నాను. మన పనిగది కిటికీ ఉత్తరం వైపు కదా అంది. ఆవిడకి దిక్కులు తెలుసని పెళ్ళయిన పదమూడేళ్ళకి నాకు తెలిసింది. అతికించే మందు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, అంతే. నేను పట్టుకుని చూడలేదు.

వేళకి తిను. నీ కుట్టు షాపు షట్టరు ఒక్కరోజైనా ఎత్తు.

నీ తమ్ముడు


జూన్ 19, బుధవారం

అక్కకు,

నీ కోపాన్ని నెత్తిన పెట్టుకుని, తల వంచుకుని రాసే ఉత్తరం. క్షేమ సమాచారాలు అడిగే ముఖం ఈసారి నాకు లేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు తిట్టిన తిట్లలో ఒక్కటీ ఎక్కువ కాదు. మీ బావని రెండోసారి చంపావురా అన్న చోట మాత్రం కాగితం మడిచి, వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. నీ మరదలు వచ్చి ఏమిటని అడిగితే పంటి నొప్పి అన్నాను. పళ్ళు కట్టేవాడికి పంటి నొప్పేమిటని ఆవిడ నమ్మలేదు.

నాకేం తెలుసక్కా? నువ్వు రోజూ మూడింటికి బావ కుర్చీ పక్కన కూర్చుంటావనీ, ఆయన దగ్గర నువ్వు నేర్చుకున్న ఒకే ఒక్క విద్య విమానాన్ని నేల మీంచి లేపడమనీ, లేపి చెయ్యి వదిలేస్తావనీ, వదిలితే అది తనంతట తానే మెల్లగా ఎడమకి వాలి రన్‌వే చుట్టూ తిరుగుతూ ఉంటుందనీ నాకెవరు చెప్పారు? ఒక్కో చుట్టుకీ తొమ్మిది నిమిషాలన్నావు. అది తిరిగినంతసేపూ ఆయన ఇంట్లో ఉన్నట్టే ఉండేదన్నావు. దింపడం రాదు కాబట్టి చివరికి కంప్యూటరే ఆపేసి లేచేదాన్నన్నావు. ఇప్పుడు చెయ్యి వదిలితే విమానం తిన్నగా సముద్రం మీదికి వెళ్ళిపోతోంది. తిరిగొస్తుందేమో అని నాలుగు గంటలు చూశానన్నావు. ఇంధనం అయిపోయి, ఇంజను ఆగిపోయి, గాలి చప్పుడొక్కటే మిగిలిందని రాసి, ఆ వాక్యం పూర్తి చేయకుండా వదిలేశావు. మిగతాది చదవకుండానే అర్థమైంది.

తప్పంతా ఒక్క మాట దగ్గర జరిగింది. వాటం కాస్త చూడు అని నువ్వు రాసింది, దాన్ని పోనివ్వకు, జాగ్రత్త అని. పసిపిల్లని కాస్త చూడమ్మా అంటారే, అలా. నా దగ్గరికేమో పొద్దున లేచింది మొదలు జనం వచ్చి ఈ పన్ను కాస్త చూడవయ్యా అంటారు. మా దగ్గర చూడమంటే గీకమనే. వంకర కనబడితే నా చెయ్యి ఊరుకోదు. నువ్వు మేస్త్రి భార్యవి, వాటం అంటే నీకు ఇచ్చేది. నాకు అది తీసేసేది. చేతివాటం అంటే లోకంలో దొంగతనమనే అర్థం కదా. బావ చేతి వాటం తీసేసిన నాదే అసలైన చేతివాటం.

ఇంకో మాట. నీ ఉత్తరం చదివాకే ఆ టైలు పెంకు నా కళ్ళలో మెదిలింది. దాని అంచులు రాయి మీద నూరి, నున్నగా ఉన్నాయి. రాలిన చెత్తని ఎవరక్కా నూరేది? స్నానాల గది నేల పరిచేటప్పుడు నీళ్ళు తూము వైపు నడవడానికి బావ వాటం ఇచ్చేవాడు. నుంచుని చూస్తే నేల చదునుగానే ఉంటుంది, నీళ్ళకి మాత్రం దారి తెలుస్తుంది. కర్రకీ ఆయన అదే ఇచ్చాడు. నువ్వు భోజనానికి పిలిస్తే విమానాన్ని గాల్లో వదిలేసి లేవాలి కదా. తిని వచ్చేదాకా అది ఎటూ పోకుండా అక్కడక్కడే తిరుగుతూ ఉండాలని, ఆ పెంకుని కొలిచి, నూరి, అక్కడ పెట్టుకున్నాడు.

పెంకూ పాత కప్పూ ప్లాస్టరు చెత్త బస్తాలో వేశాను. బస్తా వెళ్ళిపోయింది. బండివాడి దగ్గరికి పరిగెత్తాను, రెండు వారాల కిందటి చెత్త ఎక్కడుంటుందయ్యా, మట్టిలో కలిసిపోయి ఉంటుంది అన్నాడు.

కర్ర తిప్పి పంపు. పోయిన వాటం మళ్ళీ ఇస్తాను. కానీ నీ ఉత్తరం చివర ఒక ముక్క రాశావు, రోజు మొత్తంలో మూడింటికి తప్ప ఇంకెందుకూ లేవబుద్ధి కాదని. నీ తిట్లన్నిటికంటే ఆ ముక్క నన్ను భయపెట్టింది. నీ మరదలికి చూపించలేదు, కానీ తను నా జేబులోంచి తీసి చదివేసింది.

నీ తమ్ముడు


జూలై 7, ఆదివారం

అక్కకు,

ఇద్దరం క్షేమం, నీ మరదలికి కాస్త జలుబు. నువ్వు కూడా క్షేమమేనని, ఈసారి కోపం ఓ మెట్టు దిగిందని అనుకుంటూ రాస్తున్నాను. కర్ర పంపేటప్పుడు నువ్వు చీటీ పెట్టలేదు, అయినా పొట్లం విప్పితే దాన్ని నీ పాత శాలువాలో చుట్టి ఉంది. అది చీటీ కంటే ఎక్కువే చెప్పింది.

ఈ పని ఎంత సులువనుకున్నానో అంత చుక్కలు చూపించింది. తిన్నగా చేయడం నా వృత్తి, కొలిచి వంకర చేయడం ఎవరు నేర్పారు నాకు? నా పనిగది కంప్యూటర్లో అదే ఆట పెట్టుకుని, ఒక్కో కప్పూ ఉడకబెట్టి బిగించి, విమానం లేపి, చెయ్యి వదిలి గడియారం చూశాను. మొదటి వంకర కప్పుతో అది నాలుగు నిమిషాల్లో చుట్టు తిరిగి తలకిందులైంది. రెండోదీ మూడోదీ అంతే. కాగితం మందం తేడాకి విమానం బోర్లా పడుతుందక్కా. పళ్ళ సెట్టు కోసం వచ్చి కూర్చున్న పెద్దాయన ఒకాయన ఇదంతా చూసి, నాయనా, నా పళ్ళు కూడా ఇలాగే కడుతున్నావా అని అడిగాడు. డాక్టరు గుమ్మంలో నుంచుని వినేశాడు. ఆ వారం నా మర్యాద కూడా బోర్లా పడింది.

ఆరో కప్పుకి కుదిరింది. ఎడమకి పిసరు, వెనక్కి అర పిసరు. సరిగ్గా తొమ్మిది నిమిషాలకి చుట్టు పూర్తయింది. నమ్మలేక ఇంకో రెండు చుట్లు చూశాను. రెండూ తొమ్మిదే.

అప్పుడు నువ్వు రాసింది ఏమిటో నాకు అర్థమైంది. పట్టపగలు, పక్కగదిలో డాక్టరు పన్ను పీకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయినా నా కుర్చీలో నేను కాక ఇంకెవరో సర్దుకుని కూర్చున్నారనిపించింది. లేచి పక్కన నుంచున్నాను. విమానం ఎంత ఓపిగ్గా తిరుగుతోందంటే, తిప్పేవాళ్ళకి చేయి నొప్పి పుట్టదా అనిపించింది. నీ మరదలు భోజనం క్యారియర్ పట్టుకుని వచ్చి గడప బయటే ఆగిపోయింది. ఎవరు నడుపుతున్నారని అడిగింది. కప్పు అన్నాను. కప్పయితే నువ్వెందుకు లేచి నుంచున్నావంది. ఇద్దరం క్యారియర్ తీసుకుని వరండాలో తిన్నాం.

ఆ ఆరో కప్పే బిగించి పంపుతున్నాను. పనిచేస్తే బావ పెట్టిన దీవెన అనుకో. చేయకపోతే నా చేతకానితనం అనుకుని వదిలేయి, ఇంతకు మించి నాకు రాదు. మళ్ళీ పంపినా ఇంకో కప్పు చేయలేను. ఈ మాట గట్టిగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు.

నీ తమ్ముడు


జూలై 26, శుక్రవారం

అక్కకు,

నీ ఉత్తరం అందుకుని, పని పక్కన పెట్టి కూర్చుని రాసే జవాబు. మేం బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నానని రాశావు, పది నెలల తర్వాత ఆ మాట నీ అక్షరాల్లో చూశాను. నీ మరదలు దాన్ని పైకి చదివించుకుంది.

బావ వాటం తిరిగొచ్చిందన్నావు. మొదటి రోజే చెయ్యి వదిలితే ఎడమకి వాలిందనీ, తొమ్మిది నిమిషాలకి రన్‌వే మీదికి వచ్చిందనీ. సరే, సంతోషం. తర్వాత రాసిన సంగతులు మూడు నాలుగుసార్లు చదవాల్సి వచ్చింది. రోజురోజుకీ చుట్టు కాస్త కాస్త కిందికి దిగిందన్నావు. ముందు ఇంటి కప్పులు కనబడ్డాయి, తర్వాత కిటికీలు, తర్వాత నేల మీద విమానం నీడ. పోయిన సోమవారం నువ్వు వంటింట్లో రెండు కంచాలు పెట్టి, అలవాటు కొద్దీ, రండి, చల్లారిపోతోంది అని కేకేశావట. కేకేశాక గుర్తొచ్చి, ఆ కంచాలు పట్టుకునే గదిలోకి వచ్చావట. చూస్తే రెక్కలు చదునై, విమానం రన్‌వేకి ఎదురుగా వస్తోంది. రెండు చేతుల్లో కంచాలతో నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. కర్ర దానంతట అది మెల్లగా వెనక్కి వంగిందన్నావు. చక్రాలు ఆనిన చప్పుడు, తర్వాత ఇంజను తగ్గి తగ్గి ఆగిన చప్పుడు. అది ఆగాక ఇంట్లో ఎవరో కుర్చీ వెనక్కి జరిపినట్టు వినబడిందన్నావు. నీకు భయం వేయలేదట. ఇద్దరి కంచాలూ బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని కడుపునిండా తిన్నానన్నావు.

నా తమ్ముడి చేతిపని అని వీధంతా చెప్పుకున్నానన్నావు. సిగ్గేస్తోందక్కా. దానికేదో కారణం ఉంటుంది. నేను పోసిన చిగురు ముక్క ఎండకి మెత్తబడి రోజుకింత వంగి ఉండొచ్చు. తనంతట తాను దింపే ఏర్పాటేదో ఆ ఆటలోనే ఉండి, నువ్వు తుడిచేటప్పుడు ఆ బొత్తాం నొక్కి ఉండొచ్చు. కర్ర కదలడం సంగతి, పాత స్ప్రింగులకి అలాంటి వేషాలు ఉంటాయి. ఏదైతేనేం, నా పనితనం మెచ్చుకున్నావు, కాదనడం దేనికి.

విమానం రన్‌వే మీద అలాగే నిలబడి ఉంది, కంప్యూటరు ఆపలేదు, నీ జవాబు వచ్చేదాకా కర్ర ముట్టుకోను అన్నావు. మళ్ళీ లేపనా, వద్దా, నువ్వే చెప్పు అన్నావు. ఇందులో నేను చెప్పేదేముంది? నీ కర్ర, నీ విమానం. నీకెలా తోస్తే అలా చెయ్యి.

మేం త్వరలో వస్తాం. నీ మరదలు నీకోసం ఊలు దారాలు కొని పెట్టింది.

నీ తమ్ముడు

తా.క.: కవరు అంటించి, మళ్ళీ చింపాను. పైన రాసిన కారణాలు నేను కల్పించినవి. ఒక్కటీ నిజం కాదు.

ఆరో కప్పు నేను బిగించలేదక్కా. పార్సిల్ కట్టే రోజు దాన్ని ఊడదీసి, మొదట చేసిన కప్పే, ఏ వంకరా లేనిదే, పెట్టాను. వంకర కప్పు నా బల్ల సొరుగులో ఉంది. ఇది రాసే ముందు కూడా తెరిచి చూశాను. నీకు పంపిన కర్రని నీలం కాగితం పెట్టి రెండుసార్లు సరిచూశాను, విమానం లేపి రెండు గంటలు కూర్చున్నాను. అది వెంట్రుకవాసి కూడా వాలకుండా సముద్రం మీదికి వెళ్ళిపోయింది. స్ప్రింగు పాతది కాదు, నేనే వేసిన కొత్తది. ఆ ఆటలో దింపే ఏర్పాటూ లేదు, వెతికాను.

ఎందుకు చేశానంటే, నిన్ను ఆ కుర్చీ దగ్గర్నుంచి లేపడానికి. విమానం వెళ్ళిపోతుంది, నువ్వు నన్ను తిడతావు, ఏడుస్తావు, విసుగెత్తి చివరికి షాపు తాళం తీస్తావు అనుకున్నాను. మొదటిసారి బావని పొరపాటున తీసేశాను. రెండోసారి కావాలనే తీసేశాను. నువ్వు నన్ను నమ్మి కర్రని శాలువాలో చుట్టి పంపితే, నేను చేసింది ఇదీ. నీ తిట్ల ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటే ఈ ఉత్తరం వచ్చింది. ఈ నిజం రాయొద్దని నీ మరదలు బతిమాలింది. నా వల్ల కాలేదు.

కాబట్టి దాన్ని తిప్పింది నేను కాదు, దింపింది నేను కాదు. దింపడం నీకూ రాదు. నేను కట్టినవన్నీ కాటు తప్పనివని నాకు గర్వం. నా చేతి లెక్క ప్రకారం నీ ఇంట్లో జరిగింది జరగడానికి వీల్లేదు. జరిగింది. నేను నమ్ముతున్నాను.

నువ్వడిగిన దానికి జవాబు ఇదీ. మళ్ళీ లేపకు. పది నెలలు ఆయన్ని గాల్లోనే తిప్పాం, నువ్వు ప్రేమ కొద్దీ, నేను తెలివితక్కువ కొద్దీ. పిలిచావు, దిగాడు. భోజనానికి వచ్చి కూర్చున్న మనిషిని లేపకూడదక్కా.